ఈదమ్మ కొడుకు మాల వేసుకున్నాడు

మా వాడలో ఈదమ్మ నోటికి భయపడని మనిషి లేడు. చెత్తబండి డ్రైవరు కూడా ఆమె గుమ్మం ముందు హారన్ కొట్టడు. "ఏమ్రా, చెవిటోళ్లమనుకున్నవా మేము? ఇంకోపారి పీపీ అనిపించినవనుకో, చెత్తల నిన్నే ఏస్త" అని ఒకనాడు అన్నది, ఆ రోజు నుంచీ అతను బండి దిగొచ్చి మర్యాదగా తలుపు కొడుతున్నాడు. పండగ పూట అప్పడిగేవాడు, ఓటడిగేవాడు ఆమె ఇల్లు తప్పించి పక్కసందులోంచి పోతారు. అంత నోరున్న మనిషి కొడుకు ముందు మాత్రం పిల్లిపిల్ల. ఎందుకలా అంటే ఒక్కడే కొడుకు, అంతకు మించి నాకూ తెలియదు.

మాది వనపర్తికీ గద్వాలకూ మధ్య ఒక చిన్న పట్నం. పేరెందుకు లెండి, చెబితే మావాళ్లు మళ్లీ నా మీదికే వస్తారు. మున్సిపాలిటీ అయినప్పటి నుంచి ఇంటి పన్ను పెరిగింది, మోరీలు మాత్రం అప్పట్లాగే పొంగుతున్నాయి. నా పేరు స్వరూప. జాకెట్లు కుడతాను. నా మిషను కిటికీ పక్కనే ఉంటుంది, కిటికీకి ఎదురుగా మహిళా సంఘం భవనం. అందుకే ఈ కథలో నేను చూడనిదంటూ పెద్దగా లేదు. చూసి చేసిందేమిటని అడిగితే, అదే నా ఏడుపు.

ఈదమ్మకు సెంటు భూమి లేదు. పెళ్లయిన యేడే మేస్త్రి వెంట బొంబాయి పోయి తట్ట మోసింది. మొగుడు అక్కడే కామెర్లతో పోతే, మాసయ్యను చంకనేసుకుని రైలెక్కి వచ్చేసింది. వచ్చి బస్టాండు రోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి పెట్టింది. జొన్నరొట్టె, పుంటికూర, పల్లికారం. ఆమె రొట్టె తట్టే చప్పుడుకు అన్నం తిని బయల్దేరినవాడికి కూడా ఆకలవుతుంది. ఆ రొట్టెల మీదే మాసయ్యను పెంచింది, పెళ్లి చేసింది, మనవరాలిని ఎత్తుకుంది. నేను ఆమెను పెద్దమ్మా అంటాను. చుట్టరికమేమీ లేదు, పక్కింటి చుట్టరికమే.

మాసయ్యది సెంట్రింగ్ పని. స్లాబు కింద చెక్కలు బిగించడంలో వాడి చేయి గట్టిది. మనిషి నెమ్మది, మాట మెత్తన. వాడికున్న జబ్బల్లా కల్లు. కల్లంటే చెట్టు కల్లు అనుకునేరు. చెట్టు కల్లు తాగినవాడు కాసేపు పాటలు పాడి పడుకుంటాడు. మా దుకాణాల్లో సీసాల్లో అమ్మేది మందు కల్లు. అందులో మత్తు గోళీల పొడి కలుపుతారు. అది మా ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు, చెప్పరు అంతే. ఆ కల్లు అలవాటైనవాడు ఆనందానికి తాగడు, పొద్దున లేచి కాళ్లూ చేతులూ వణకకుండా నిలబడటానికి తాగుతాడు. ఒకసారి ఆబ్కారోళ్లు దాడి చేసి దుకాణాలు బంద్ పెడితే మా వాడలో సగం మంది మగవాళ్లు గోడలతో మాట్లాడారు. మళ్లీ దుకాణాలు తెరిచాకే కుదుటపడ్డారు. ఇట్లాంటి మొగుడితో ఎవతి కాపురం చేస్తుంది? మాసయ్య పెళ్లాం పిల్లను తీసుకుని ఖిల్లా ఘణపూర్‌లో తల్లిగారింటికి పోయింది. పోతూ పోతూ అత్తతో ఒకటే మాట అన్నది. "కల్లు మానినంక కబురు పెట్టు అత్తా, ఆ దినమే వస్త." కోడలి మీద ఈదమ్మ ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టలేదంటే చూడండి, ఎంత దెబ్బ తిన్నదో.

ఆ వానాకాలంలో మున్సిపాలిటీ మా ఎదుటి భవనానికి సున్నం వేయించి, మత్తు మాన్పించే కేంద్రమని బోర్డు పెట్టింది. సంఘం మీటింగులు జరగక ఆ భవనం గబ్బిలాలకు నిలయమై చాలాకాలమైంది. గీత అని ఒక నర్సమ్మ రోజూ వచ్చేది. వారానికోసారి డాక్టరు. బోర్డు పెట్టిన మర్నాడే ఈదమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, బడిలో వేయడానికి తెచ్చినట్టు. మాసయ్య తల వంచుకుని వచ్చాడు.

గీత మంచి పిల్ల. కసురుకునేది కాదు. ఎదురుగా నిలబెట్టి గోళీ మింగించేది, నోరు తెరిపించి చూసేది, మరుసటి వారం కొంచెం తగ్గించేది. ఈదమ్మకు అనుమానం. "బిడ్డా, ఒక్కపారే బంద్ చేపిస్తే అయిపోదా? గింత సాగదీసుడెందుకు?" అని అడిగింది.

"పెద్దమ్మా, తాటిచెట్టు ఎక్కినోడు మోకు పట్టుకొని మెల్లగ దిగుతడు గానీ దుంకుతడా? దుంకితే ఏమైతది?" అన్నది గీత. "ఇది గూడ గంతే. కల్లుల ఉన్న మందుకు ఒళ్లు అలవాటైంది. ఒక్కసారి ఆపితే ఫిట్స్ వస్తయి, పాణం మీదికొస్తది. జర జర తగ్గించాలె."

ఈ మాట నేను నా చెవులతో విన్నాను. మా ఇంట్లోంచి మంచినీళ్లు తెచ్చి ఇస్తూ విన్నాను.

దసరా దగ్గర పడేసరికి మాసయ్య ముఖంలో నెత్తురు కనిపించింది. పొద్దున్నే లేచి చేతులు వణకకుండా చాయ్ తాగాడు. రెండో రొట్టె అడిగాడు. ఆ రోజు ఈదమ్మ మా గుమ్మంలో కూర్చుని రొట్టె గురించే చెప్పింది. "రెండోది అడిగిండే స్వరూపా! కారం ఎక్కువైందని నన్నే తిట్టిండు!" కొడుకు తిడితే అంత మురిసిపోయిన తల్లిని నేనెక్కడా చూడలేదు. పండుగ అయ్యాక కోడలికి కబురు పెడదామని, పిల్లకు గౌను కుట్టమని గుడ్డ కూడా తెచ్చిచ్చింది.

అంతలో మావాళ్లకు రోషం వచ్చింది.

మా వాడ పెద్ద పేరు పెద్దన్న. పేరే అది. సిమెంటు, ఇనుము దుకాణం. యేటా అయ్యప్ప మాల వేసుకుని మరో నలభై మందికి వేస్తాడు, గురుస్వామి. చెడ్డవాడని నేననలేను. ఎవరింట్లో చావైనా ముందు వచ్చి నిలబడేది ఆయనే. కానీ మా భవనం ముందు పొద్దున్నే ఊళ్లోని తాగుబోతులంతా వరుస కట్టడం ఆయన కళ్లకు కంపరమైంది. టెంటు వేయించాడు. ఆడవాళ్లను ముందు కూర్చోబెట్టాడు. మైకు తెప్పించాడు.

"మన ఆడపిల్లలు ట్యూషన్‌కు పోయే తొవ్వ ఇది. గంజాయోళ్లు, కల్లోళ్లు ఈడికే రావాల్నా? ఊరవతల జాగ లేదా? ఆ నర్సమ్మ ఇచ్చే గోళీలేందో ఎరుకేనా మీకు? కల్లుల కలిపే జాతి గోళీలే! దుకాణపోడు అమ్మితే తప్పు, సర్కారు ఇస్తే మందా? ఇది దవాఖాన గాదు, ఇంకో దుకాణం!"

ఆ మాటతో వాడ వాడంతా భగ్గుమంది. గోళీల సంగతి పూర్తి అబద్ధం కూడా కాదు, ఆ జాతి మందే కొంచెం కొంచెంగా ఇచ్చి తగ్గిస్తారట. గీత వివరంగా చెప్పబోయింది. మైకు ముందు ఒట్టి గొంతు ఎంత దూరం పోతుంది? జోగులమ్మ అని మా వెనక సందు ఆమె, కూతురికి సంబంధాలు చూస్తోంది, గీత ముఖం మీదే అన్నది. "పెండ్లిచూపులకు వచ్చినోళ్లు నీ బోర్డు చూసి వాపస్ పోయిండ్రు. మా పిల్లను నువ్వు చేసుకుంటవా?" నవ్వులే నవ్వులు. నాకు తిక్క రేగింది. "జోగులమ్మా, నీ మొగుడు పొద్దుగాల ఏ దుకాణం కాడ ఉంటడో చెప్పాల్నా?" అన్నాను. ఆమె ఇప్పటికీ నాతో మాట్లాడదు. పోతే పోయింది.

చివరికి మున్సిపాలిటీ వాళ్లు టెంటు దగ్గరికొచ్చి వాడవాళ్ల అభిప్రాయం వింటామన్నారు. కమిషనరు కుర్చీలో కూర్చున్నాడు. ఒక్కొక్కరూ లేచి వద్దు వద్దన్నారు. అందరూ అయ్యాక ఈదమ్మ లేచింది. ఊళ్లో ఎవరు ఏమన్నా "నా కొడుక్కేమైంది, మారాజు లెక్కున్నడు" అని దబాయించిన మనిషి, ఆ రోజు అందరి ముందూ చెంగు నడుముకు చుట్టుకుని నిలబడింది.

"నా కొడుకు కల్లు తాగుతడు సారు. పొద్దుగాల తాగకుంటే చేతులు ఆగవు. ఇన్నేండ్లు దాసిపెట్టిన, ఇయ్యాల చెప్తున్న. ఈ బిడ్డ ఇచ్చే గోళీలతోని మల్ల మనిషైతుండు. ఇంకొన్ని దినాలు ఉంచుండ్రి. నా కొడుకు బాగైనంక మీ ఇష్టం, కూలగొట్టుకోండ్రి."

ఆమె బతుకులో బతిమాలడం నేను అప్పుడే చూశాను. కమిషనరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నాకు ఆశ పుట్టింది కూడా. ఇంతలో వెనక నుంచి ఎవరో, "నీ ఒక్క కొడుకు కోసం వాడంత ఆగం కావాల్నా?" అన్నారు. తప్పెట మీద ఒక దెబ్బ పడితే మిగతావి వాటంతట అవే పడతాయి. ఆ గోలలో ఈదమ్మ నోరు కదులుతుండటమే కనిపించింది, మాట వినపడలేదు. అంత నోరు! ఇక్కడ పనికి రాలేదు.

వారం తిరగకుండా బోర్డు పీకేశారు. కేంద్రాన్ని వనపర్తిలో పెద్ద దవాఖానకు కలిపేశామన్నారు. గీతను కూడా అక్కడికే పంపారు. పోయేముందు ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుని ఈదమ్మ చేతులు పట్టుకుంది. గోళీలు ఇంటికివ్వడానికి వాళ్లకు హక్కు లేదట. "పెద్దమ్మా, రోజూ బస్సెక్కి తీస్కరా. రాలేని దినం కల్లు జర తక్కువ తాపియ్యి గానీ, ఒక్కసారి మాత్రం ఆపకు. యాదిపెట్టుకో."

ఈదమ్మ ఊరుకుంటుందా? మర్నాడు పొయ్యి రాళ్లు, పిండి, పెనం తట్టలో పెట్టుకుని పోయి మున్సిపల్ ఆఫీసు గేటు ముందు పొయ్యి పెట్టింది. కేంద్రం మళ్లీ తెరిచేదాకా ఇక్కడి నుంచి లేవనన్నది. నేనూ పక్కన కూర్చున్నాను. ధర్నాకు మేమిద్దరమే. పొగ లోపలికి పోతే అధికారులే బయటికొస్తారని ఆమె ఎత్తు. వచ్చారు కూడా. వచ్చి రొట్టెలు తిన్నారు! "అబ్బ, ఎంత మెత్తగున్నది అవ్వా, ఇంకోటెయ్యి" అన్నారు. కమిషనరు సారు అటెండరుతో తెప్పించుకుని తిన్నాడట, పల్లికారం మళ్లీ పంపమన్నాడు. ఆకలని వచ్చినవాడికి పెట్టకుండా ఉండే చెయ్యి కాదు ఆమెది. పెడుతూనే అడిగేది, "సారు, మల్ల ఎప్పుడు తెరుస్తరు?" వాళ్లు నములుతూనే చెప్పేవారు, "పైకి రాసినమవ్వా. పైకెల్లి రావాలె." పైన ఎవరున్నారో, ఏ పూట కిందికి చూస్తారో ఎవరూ చెప్పలేదు. పోలీసొచ్చి లాఠీతో కొట్టినా ఆమె తట్టుకునేది, ఎదురు తిట్టేది. నవ్వుతూ తినిపోయేవాళ్లను ఏమని తిడుతుంది? దీపావళి ముందు ఒకనాడు పొయ్యి ఆర్పేసి, "నడువే స్వరూపా, ఈళ్లకు నేను రొట్టెలదాన్నే" అన్నది.

వనపర్తికి తీసుకుపోలేదా అంటారేమో. తీసుకుపోయింది. పోను రాను బస్సు, అక్కడ వరుస. ఆమె పొయ్యి మూత, వాడి కూలి బంద్. మాసయ్య కొన్ని రోజులు పోయాడు. ఒకనాడు ఒంటికని చెప్పి వరుసలోంచి పక్కకు పోయినవాడు రాలేదు. ఈదమ్మ ఆ దవాఖాన అంతా వెతికి, బస్టాండంతా వెతికి, ఒంటరిగా ఇంటికొస్తే, కొడుకు అప్పటికే మా ఊరి దుకాణంలో మునుపటి సీసాలు మునుపటిలాగే తాగి గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె పక్కన కూర్చుని వాడి నోటి మీది ఈగలు తోలింది.

కార్తీకం వచ్చింది. పెద్దన్న నల్ల బట్టలు కట్టాడు. ఒక పొద్దున ఈదమ్మ ఇంటికి తానే వచ్చాడు. ఆయన మనసులో ముల్లేదో గుచ్చుకుంటూనే ఉందని నా అనుమానం.

"పెద్దమ్మా, నా మీద కోపమున్నదని తెలుసు. ఆ గోళీలు వద్దన్న గానీ నీ కొడుకు బాగుపడొద్దనలే. మాల ఏస్త. బట్టలు, పూజ అంత నాదే. మండలం దినాలు నా కాడ ఉంటడు. మాల మీద ఉన్నోడు కల్లు ముడతడా? నేను ఎంతమందిని మానిపించలే?"

మానిపించిన మాట నిజం. మా ఆయనే సాక్ష్యం. సారా తాగి మోరీల్లో పడే మనిషి, ఈ పెద్దన్న చేతి మాల వేసుకున్నాకే మానేశాడు, మళ్లీ ముట్టలేదు. అందుకే నా నోరు సగం పడిపోయింది. అయినా అన్నాను. "పెద్దన్నా, సారా వేరు, మందు కల్లు వేరు. ఒక్కసారి ఆపితే పాణం మీదికొస్తదని గీత చెప్పింది."

"ఆమె నర్సమ్మ. ఈడ చూసుకునేటోడు స్వామి" అన్నాడు ఆయన, కోపం లేకుండానే.

ఈదమ్మ కొడుకు వైపు చూసింది. మాసయ్య మంచం మీద లేచి కూర్చుని, ఎన్నడూ లేనిది గట్టిగా అన్నాడు. "ఏసుకుంట అవ్వా. మాల ఏసుకొని మానేస్త. పిల్లను తెచ్చుకుంట." ఆ మాట కోసం ఎన్నాళ్లు కాచుకుందో ఆమె! ఇక ఎవరు ఆపగలరు? గీతకు ఫోన్ చేశాను. "అయ్యో వద్దక్కా, ఎట్లనన్న చేసి ముందు ఈడికి తీస్కరాండ్రి" అన్నది. ఆ ముక్క ఈదమ్మకు చెబితే, "మొక్కు మాట నోట్లకెల్లి వెళ్లిందే స్వరూపా. ఇంక ఎనకకు పోతే స్వామి కోపం జేస్తడు" అన్నది.

మాల వేసిన పొద్దున మాసయ్యను చూస్తే నాకే ముచ్చటేసింది, అబద్ధమెందుకు? చన్నీళ్ల స్నానం, నల్ల పంచె, నుదుట గంధం, మెడలో తులసి పూసలు. మాల వేసుకున్నవాణ్ని పేరు పెట్టి పిలవకూడదు. కన్నతల్లైనా స్వామీ అనాలి, కాళ్లకు మొక్కాలి. ఈదమ్మ వంగి కొడుకు కాళ్లు ముట్టి కళ్లకద్దుకుంది. వాడు ఆమెను "మాతా" అన్నాడు. అలా అనగానే సిగ్గుపడ్డాడు, ఆమె నవ్వింది. ఆ మధ్యాహ్నమే ఘణపూర్‌కు ఫోన్ చేయించి, కోడలికి చెప్పింది. "మాల ఏసుకున్నడు బిడ్డా. మానిండు. బట్టలు సదురుకో."

స్వాముల సన్నిధానం ఎక్కడో చెప్పలేదు కదూ. మా ఎదుటి భవనమే. ఎట్లాగూ ఖాళీగా ఉందని మున్సిపాలిటీ వాళ్లే తాళం ఇచ్చారు. సున్నం కొత్తది, బాగుంది.

రెండోనాడు మాసయ్య నీళ్ల చెంబు పట్టుకోలేకపోయాడు. చలిలో కూడా చెమటలు. నిద్ర లేదట. గోడ మీద చీమలు పాకుతున్నాయని తుడుస్తున్నాడు, అక్కడ చీమలు లేవు. తోటి స్వాములు చన్నీళ్ల స్నానం కొత్తగదా, సలికి వణుకుతుండు అన్నారు. పెద్దన్న విభూతి పెట్టాడు, తన దుప్పటి తెచ్చి కప్పాడు. నేను ఈదమ్మను పక్కకు లాగి, చెప్పకూడని మాట చెప్పాను.

"పెద్దమ్మా, నా మాటిను. ఒక్క గుటక కల్లు తాపిద్దాం. ఎవ్వరికీ తెల్వనియ్య. పొద్దుగాల ఆటో మాట్లాడి వనపర్తి తీస్కపోదాం."

ఈదమ్మ నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు గుర్తే. "మాల మీద కల్లు తాపమంటవా? నువ్వేనా ఈ మాటనేది? నా కొడుకుకు పాపం జుట్టమంటవా?" మాల లేని నాడైతే పోసేవాళ్లం. కల్లు మానాలని వేసిన మాల, ఆ ఒక్క గుటకకు కూడా అడ్డం నిలబడింది. పోనీ పొద్దున్నే దవాఖానకైనా పోదామన్నాను. "రేపు మాపటికి పడిపూజ ఉన్నది. పూజ అయినంక పోదాం" అన్నది. అంత వరకు ఒప్పుకున్నందుకే నేను సంతోషపడ్డాను.

మర్నాడు సంజెవేళ పూజ మొదలైంది. వాడంతా వచ్చారు. అప్పుడు టెంటు కింద కూర్చుని వద్దు వద్దన్నవాళ్లే ఇప్పుడు తలా ఒక పువ్వు, తలా ఒక కొబ్బరికాయ తెచ్చారు. నాకు ముట్టు రోజులు. లోపలికి పోకూడదు. రోడ్డు మీద నిలబడి మునివేళ్ల మీద లేచి చూస్తున్నాను. పద్దెనిమిది మెట్లూ పూలతో కట్టారు, మెట్టు మెట్టుకూ కర్పూరం. డప్పులు, తాళాలు, శరణుఘోష. ఆ వెలుగులో మాసయ్య ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాలుతోంది, లేస్తోంది.

ఘోష పైకి పోయింది. మాసయ్య ఒక్కసారి బిగుసుకున్నాడు. గొంతులోంచి ఒక అరుపు వచ్చింది, మనిషి అరుపులా లేదు. వెనక్కి పడి కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

"స్వామి వచ్చిండు! ఒంటిమీదికి స్వామి వచ్చిండు!" అన్నారెవరో.

శరణమయ్యప్పా అని భవనం దద్దరిల్లింది. డప్పులు ఇంకా జోరందుకున్నాయి. ఒకరు హారతి తెచ్చారు, ఇంకొకరు కొబ్బరికాయ కొట్టారు. ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ పోయి వాడి కొట్టుకుంటున్న పాదాలకు పసుపునీళ్లు పోసి మొక్కుతున్నారు. మా జోగులమ్మ, "స్వామీ, నా బిడ్డకు సంబంధం కుదిరియ్యి" అని అడుగుతోంది. పెద్దన్న కళ్ల వెంట నీళ్లు, చేతులు జోడించి ఉన్నాడు. నిజంగానే నమ్మాడు ఆయన. అందరూ నమ్మారు.

"స్వామి గాదు, ఫిట్స్! పక్కకు తిప్పుండ్రి! మూతికెల్లి నురుగొస్తున్నది చూడుండ్రి!" అని నేను గేటు దగ్గర గొంతు చించుకున్నాను. ఆ డప్పుల్లో ఎవరికి వినపడుతుంది? విన్న ఒకరిద్దరు నన్నే కసిరారు. "ముట్టుతోటి గుమ్మంల నిలబడి వొర్రుతవేందే?"

ఈదమ్మ జనాన్ని చీల్చుకుని ముందుకు పోయింది. హమ్మయ్య, తల్లి కదా, గుర్తుపడుతుంది అనుకున్నాను. ఆమె కొడుకు ముందు మోకాళ్ల మీద కూలబడింది. కొంగు రెండు చేతులా చాచింది.

"స్వామీ, వచ్చినవా తండ్రీ! నేనేం అడగ. నా మాసయ్యతోని కల్లు మానిపియ్యి. ఎన్నడు ముట్టకుంట జెయ్యి. నీ కాళ్లు మొక్కుత, గింతే అడుగుత."

ఇక నాకు ముట్టూ లేదు, మైలా లేదు. తోసుకుంటూ లోపలికి దూరాను. ఎవరో నా జుట్టు పట్టుకున్నారు, ఎవరో వీపు మీద కొట్టారు. మాసయ్య దగ్గరికి పోయి వాడిని పక్కకు తిప్పేసరికి, నోట్లోంచి నురుగుతోపాటు నెత్తురు కారింది. నాలుక తెగింది. అప్పుడు డప్పులు ఆగాయి. కొట్టుకోవడం కూడా ఆగింది. ఆగిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు, అంతలోనే మళ్లీ మొదలైంది. ఈసారి ఎవరూ శరణు అనలేదు.

ఆటోలో పెద్దన్న వాడి కాళ్లు పట్టుకున్నాడు, తల ఈదమ్మ ఒడిలో. వనపర్తిదాకా ఆగేలా లేదని మా ఊరి దవాఖానకే మళ్లించాం. దారిలోనే వాడి ఒళ్లు నిమ్మళమైంది. "చూసినవా, నిద్రపోతుండు" అన్నది ఈదమ్మ. నేను వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి, తీసేసుకున్నాను.

డాక్టరు చిన్నవాడు, కొత్తగా వచ్చినట్టుంది. కనురెప్పలు ఎత్తి చూశాడు, గుండె మీద చెవిగొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. మెడలోని మాల తీయమంటే పెద్దన్న వెనక్కి జరిగాడు. డాక్టరే ఆ పూసలు జాగ్రత్తగా తీసి దిండు పక్కన పెట్టాడు. తర్వాత ఈదమ్మ వైపు తిరిగి, మెల్లగా అడిగాడు.

"అమ్మా, కల్లు అలవాటున్నదా? చివరిసారి ఎప్పుడు తాగాడు?"

ఈదమ్మ చెంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. కొడుకు గురించి ఎవరు ఆ మాట అడిగినా ఇన్నేళ్లూ దబాయించి దాటేసిన మనిషికి, ఆ పూట దబాయించే పని లేకపోయింది.

"తాగలే సారు. మాల ఏసిన సంది సుక్క ముట్టలే. కావాల్నంటే ఆ గురుస్వామిని అడుగుండ్రి. నా కొడుకు మానిండు."